రాజమహేంద్రవరపు పాఠశాలల పాత దస్త్రములు



గత మహాసభ ముగిసిన పిదప మన సంఘ కార్యదర్శిగారు మా యింటికి దయచేసి, ఈ సంచికకై నాకొక పని నొప్పగించిరి. రాజమహేంద్రవరమున మనవారిలో మొదట ఇంగ్లీషు చదువు చదివినవారెవ్వరు, ఏ పాఠశాలలలో చదివిరి, పిదప ఏ యుద్యోగములలో ప్రవేశించిరి, వారి పేళ్లతో ఒక పట్టికను సిద్ధము చేసి యిమ్మని కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, అందు తుది యెనిమిదేండ్లు ప్రధానోపాధ్యాయ పదవి నిర్వహించినవాడను గనుక, ఇది నాకు సులభసాధ్యమని వారు తలంచిరి. నేనును అట్లే తలంచితిని. ఆ పట్టిక నేటికిని పూర్తి కాలేదు. ఎందువలన పూర్తి కాలేదో విన్నవించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట నగరములోని యొక పాత పాఠశాలకు పోయితిని. దాని పేరు చెప్పను. అచ్చటి ప్రధానోపాధ్యాయిని పూర్వము నాకడ సంస్కృతము చదివిన శిష్యురాలు. "మాస్టారూ, మీరు కూర్చోండి, బీరువా నేను తీయిస్తాను" అని బంట్రోతును పిలిచినది. తాళపుచెవి దొరకుటకు ఒక గంట పట్టెను. బీరువాలో క్రింది అర చెదలపాలైనది. పై అరలో ఏడు ప్రవేశ పట్టికలు, అనగా మనమందఱము అడ్మిషన్ రిజిస్టరులని పిలుచునవి, మిగిలియున్నవి. అందొకదానిలో 412 వ సంఖ్యతో ఒక పుట ముగిసినది. తరువాతి పుట 433 తో ఆరంభమైనది. నడుమ నొక పత్రము చాకుతో కుట్టుకడకు కోసి తీయబడియున్నది. చింపిన పని గాదు. నేర్పుతో కోసిన పని. అచ్చటి వృద్ధ గుమస్తా నవ్వి, "ఎవరికో ఉద్యోగంలో వయస్సు తగ్గవలసి వచ్చి ఉంటుందండీ" అనెను. జనన ధ్రువపత్రములు సర్వసామాన్యము కాని కాలమున బడిలో వ్రాసిన పుట్టినతేదీయే ప్రమాణము గనుక, అట్టి పనులు జరుగుట కలదు. ఒక్కనికి రెండేండ్లు తగ్గుటకై ఇరువదిమంది పిల్లలు ఆ బడిలో చదివిరనుటకు ఆధారము లేకుండ పోయినది. ఆ యిరువదిమందిలో మనవారెందఱో, ఇతరు లెందఱో యిక నెట్లు తెలియును?

ఇంటికి వచ్చిన పిదప నాకు తోచిన ప్రశ్న యిది. మన నగరపు చదువుల చరిత్ర యెంతవఱకు తెలియును? తెలిసినంతవఱకు ఎట్లు తెలిసినది?

1822 వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరగు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో దేశీయ పాఠశాలలెన్ని యున్నవో, వానిలో ఏ యే వర్గములవారు ఎందఱు చదువుచున్నారో లెక్కలు పంపుడని కలెక్టరులకు తాకీదు పంపించెను. రాజమహేంద్రవరము జిల్లా కలెక్టరు రాబర్టుసను 1823 లో పంపిన జాబులో, బడులు 291, వానిలో పిల్లలు 2,658 మంది, ఇవి గాక వేదశాస్త్రాదులు చెప్పు విద్యాస్థానములు 279, వానిలో విద్యార్థులు 1,454 మంది యని యున్నది. ఇది జిల్లా యంతటి లెక్క గాని నగరము మాత్రపు లెక్క గాదని చదువరులు గమనింపవలెను. ఆ కలెక్టరు అంతటితో నూరకుండక, తెలుగు బడులలో పిల్లలు చదువు గ్రంథముల పేళ్లను సైతము వ్రాసి పంపెను. సుమతీశతకము, దాశరథీశతకము, భాస్కరశతకము, మొల్ల రామాయణము, పారిజాతాపహరణము, మనుచరిత్రము, వసుచరిత్రము ఆ జాబితాలో నున్నవి. పావులూరి గణితము కూడ నున్నది. పావులూరి మల్లన రాజరాజనరేంద్రుని కాలమునకు చేరినవాడని ప్రతీతి. ఆ రాజు పాలించిన గోదావరీతీరముననే, సుమారు ఎనిమిదివందల యేండ్ల తరువాత కూడ, పిల్లలు ఆ గణితమునే వల్లించుచుండిరని మనకు తెలియజేసినది ఒక పరదేశ ప్రభుత్వోద్యోగి వ్రాసిన జాబు. పాఠము చెప్పిన పంతుళ్లు ఈ మాట నెచ్చటను వ్రాసి యుంచలేదు. నావంటివాడు ఇది తలచికొని కొంత సిగ్గుపడవలసియున్నది.

అన్ని జిల్లాల లెక్కలను కూర్చి 1826 మార్చి 10 వ తేదీన మన్రో వ్రాసిన నివేదనమున, రాజధాని యంతటను 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. పిమ్మట కలెక్టరుల మూలపత్రములు మూటలుగా కట్టబడి దస్త్రపు గదికి చేరినవి.

ఆ మూటల విలువ నూఱేండ్ల తరువాత తెలిసినది. 1931 అక్టోబరు 20 వ తేదీన గాంధీమహాత్ముడు లండను నగరమున ప్రసంగించుచు, ఏబది నూఱేండ్లకు పూర్వముకంటె నేటి హిందూదేశమున నిరక్షరాస్యత హెచ్చినదని, ఆంగ్ల పాలకులు పూర్వపు విద్యావృక్షమును వేళ్లు త్రవ్వి ఎండజేసిరని చెప్పిరి. సభలోనున్న సర్ ఫిలిప్ హార్టాగు అను విద్యావేత్త ఆధారములు చూపుడని పట్టుబట్టెను. మహాత్ముడు అప్పుడు చూపగలిగినవి పూర్వము తమ పత్రికలో అచ్చయిన వ్యాసములు మాత్రమే. హార్టాగునకు అవి చాలలేదు. ఉత్తరప్రత్యుత్తరములు సాగినవి, హార్టాగు తన వాదమును ఉపన్యాసములుగా నిచ్చి 1939 లో పుస్తకముగ అచ్చొత్తించెను. రాజమహేంద్రవరమునుండి, బళ్లారినుండి, తక్కిన జిల్లాలనుండి వచ్చిన మూలపత్రములు ఆ కాలమంతయు చెన్నపట్టణమున నున్నవి. వానిని వెలికిదీసి ధరంపాల్ అను పండితుడు సమగ్రముగ ప్రకటించినది 1983 లో. అప్పటికి మహాత్ముడును లేడు, హార్టాగును లేడు. వారి వివాదమున ఎవరి పక్షము ఎంతవఱకు నిజమో తేల్చుటకు నేను చాలను. పండితులలో నేటికిని భేదాభిప్రాయములు కలవు. కాని వాదించుటకైనను కాగితము మిగిలియుండవలెను గదా.

అటుపిమ్మటి చరిత్రమును సంగ్రహముగ చెప్పుదును. 1853 లో రాజమహేంద్రవరమున ప్రభుత్వ పాఠశాల యేర్పడి క్రమముగా కళాశాల యైనది. ఆ ప్రాంతపు కాలముననే సబ్ కలెక్టరు టెయిలరు నరసాపురమునందును, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును బడులు పెట్టించెను. 1866 లో నగరమున మునిసిపాలిటీ ఏర్పడినది. 1874 లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. 1907 లో బిపిన్ చంద్రపాలుని రాకతో నగరము వందేమాతర నినాదములతో మార్మ్రోగగా, విద్యార్థులపై దండనలు విధింపబడినవి. బోధనాభ్యసన కళాశాలలో చదువుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెడలగొట్టిరి. రెండేండ్లకు, 1909 లో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అస్పృశ్యులని దూరముగ నుంచబడిన పిల్లలకొఱకు ఒక పాఠశాలను నెలకొల్పిరి. ఆ మహనీయునకు కంటిచూపు సరిగా లేదు; బడిని నడుపుటకు అది అడ్డు రాలేదు.

ఇవన్నియు మనకు తెలియుటకు హేతువేమనగా, వీరేశలింగముగారును చిలకమర్తివారును తమ చరిత్రలను తామే వ్రాసికొనిరి. హరిసర్వోత్తమరావుగారి వంటివారి ఉదంతములు జాతీయోద్యమ చరిత్రకారుల చేత నెక్కినవి. కాని వీథివీథిని వెలసిన మునిసిపలు పాఠశాలలను గూర్చి, వానిలో జీవితము వెచ్చించిన ఉపాధ్యాయులను గూర్చి గ్రంథము వ్రాసినవారు అరుదు. వానిలో చదివినవారు కలప అడితుల గుమస్తాల పిల్లలు, పడవ సరంగుల పిల్లలు, నేతపనివారి పిల్లలు, కాగితపు మిల్లులో కూలికి పోవువారి పిల్లలు. వారెవ్వరును స్వీయచరిత్రము వ్రాయలేదు. వారి చరిత్ర యంతయు ఆ పట్టికలోని యొక్కొక్క పంక్తియే.

ఆ పంక్తిలో ఏముండునో చదువరులలో చాలమంది చూచియుండరు. వరుస సంఖ్య, బిడ్డ పేరు, తండ్రి లేక సంరక్షకుని పేరు, అతని వృత్తి, నివాసము, కులమతములు, పుట్టినతేదీ, చేరిన తరగతి, చేరిన తేదీ, విడిచిన తేదీ. తుదను "విడిచిన కారణము" అని యొక గడి యుండును. ఈ గడిని నేను తఱచు చదువుచు కూర్చుందును. "వేఱు ఊరు పోయిరి." "జీతము చెల్లింపలేదు." "తల్లి చనిపోయినది." బాలికలకు ఎదురుగ, పదునొకండవ ఏటనో పండ్రెండవ ఏటనో, "పెండ్లి" అని రెండక్షరములు. ఒక పట్టికలో ఒక్క మాసమున తొమ్మిదిమంది పిల్లలకు ఎదురుగ "జ్వరము" అని చూచితిని. ఆ యేట ఆ పేటలో నేమి జరిగినదో చెప్పు గ్రంథము వేఱొండు నాకు దొరకలేదు.

ప్రవేశ పట్టిక యొక్కటియే గాదు. హాజరు పట్టీలు కలవు. అందు వరదలు వచ్చిన దినములు, కోతల దినములు, పుష్కరపు దినములు పిల్లలు రాని గుర్తులచేతనే తెలియును. ఇనస్పెక్టరు తనిఖీ పుస్తకములు కలవు. గది చీకటిగ నున్నదనియో, పంతులు లెక్కలు చక్కగా చెప్పుచున్నాడనియో, మంచినీటి కుండ రెండు చోట్ల వేఱువేఱుగా నుంచుట మానవలెననియో వానిలో వ్రాసియుండును. సామానుల పట్టిక యుండును. రెండు నల్లబల్లలు, ఒక గోళము, ఒక గంట. బదిలీ పత్రముల ప్రతులు, జీతముల అక్విటెన్సు పట్టీలు, తరగతుల ఛాయాచిత్రములు, ఉపాధ్యాయుల పాఠ్యప్రణాళికలు, నాటకముల కరపత్రములు. ఇవి విడివిడిగ చూచిన చిత్తుకాగితములు; ఒక్కచోట కూడిన నగరపు చరిత్ర.

ఇచ్చట నా యపరాధ మొకటి ఒప్పుకొనవలసియున్నది. నేను ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై చేరిన క్రొత్తలో, గదులు చాలక, పాత సామాను గదిని తరగతి గదిగా మార్చవలసి వచ్చినది. గదినిండ మూటలు. కాలపరిమితి దాటిన కాగితములను తీసివేయుటకు నిబంధనలు అనుమతించును. హాజరు పట్టీలు, తనిఖీ పుస్తకములు, ఉత్తరముల కట్టలు వీనినన్నిటిని చిత్తుకాగితముల వర్తకునకు తూకమున అమ్మించితిని. ప్రవేశ పట్టికలను మాత్రము శాశ్వతములని ఉంచితిని. రెండు బండ్లు నిండినవి. వచ్చిన సొమ్ముతో ఆటవస్తువులు కొంటిమి. ఇది మంచి పనియే యని సంతసించితిని. వారము తిరుగక పూర్వమే బడి యెదుట బఠాణీలమ్ము ముసలమ్మ చేతిలో ఒక పొట్లమును చూచితిని. 1947 ఆగష్టు 15 వ తేదీన బడిలో జెండా ఎగురవేసిన వివరము, పిల్లలకు మిఠాయి పంచుటకైన ఖర్చు, ఎవరో పంతులుగారి గుండ్రని దస్తూరిలో ఆ పొట్లముపై నుండెను. ఆ పుట నా యొద్ద నేటికిని కలదు. దాని ముందు పుటయును వెనుక పుటయును ఏ పొట్లములైనవో! ఆ యమ్మకపు కాగితముపై సంతకము నాదే. చాకుతో కోసినవానిని నిందించుటకు నాకు గల అధికారము ఏపాటిదో చదువరులే నిర్ణయింతురు గాక. కాగితపు మిల్లు గల నగరమున కాగితమునకు ఆయువు లేకపోవుట వింతయే.

ఇక మన సంఘమువారితో కొంచెము మొగమాటము విడిచి మాటాడవలసిన విషయము వచ్చినది. పట్టికలో "కులము" అను గడి కలదు. కార్యదర్శిగారు నన్ను పంపినది ఆ గడిని చూచుటకే. మన పేరు కనబడినచోటనెల్ల వ్రాసికొని, తక్కిన పంక్తులను దాటిపొమ్మని వారి భావము. తప్పు లేదు, ప్రతి సంఘమును అదే చేయుచున్నది. కాని ఆ గడిని పైనుండి క్రిందికి చదివిన వానికి, ఉన్నవారితోబాటు లేనివారును కనబడుదురు. ఒక పట్టికలో మొదటి మూడువందల పేళ్లలో కొన్ని కులముల పేళ్లు ఒక్కమాఱైనను రావు. బాలికలు ఎక్కడనో యొకచో. తరువాతి పట్టికలో ఒకడు వచ్చును. విడిచిన కారణము గడి ఖాళీ. రెండు మాసములలో వెడలిపోయినాడు. ఎవరు కూర్చుండనీయలేదో అందు వ్రాసియుండదు. ఆ బెంచీమీద ప్రక్కన కూర్చున్నవారిలో మన తాతలును ఉండియుందురు. మన పేళ్లు మాత్రము ఏరి అచ్చువేసిన పట్టిక అబద్ధము గాదు. కాని ఆ రెండు మాసముల పిల్లవానిని అందులోనుండి మనము కోసివేసినట్లే యగును.

అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరపు వృత్తాంత మొకటి యీ సందర్భమున స్మరింపదగినది. అచ్చట తెల్లవారి బడులు వేఱు, నల్లవారి బడులు వేఱుగ నుండిన కాలమున, 1872 లో, నల్లజాతి పిల్లలకొఱకు ఎఱ్ఱ యిటుకతో సమ్నరు పాఠశాల యను భవనమును కట్టిరి. 1877 లో ఆ నగరపు నల్లజాతి ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైనవారికి మొట్టమొదటి పట్టప్రదానోత్సవము అచ్చటనే జరిగినది. 1954 లో న్యాయస్థానపు తీర్పుచే వేఱుపాటు చట్టవిరుద్ధమైనది. భవనము కాలక్రమమున జీర్ణము కాగా, కూల్చివేయక బాగుచేసి, 1986 లో నగరములోని సర్వజన పాఠశాలల దస్త్రములకు నిలయముగను ప్రదర్శనశాలగను తెఱచిరి. వేఱుపఱచుటకు కట్టిన ఇంటిలోనే తెల్లవారి బడుల పత్రములను, నల్లవారి బడుల పత్రములను ఒక్క కప్పు క్రింద చేర్చిరి. సిగ్గుపడదగిన కాలమును దాచక, దాని సాక్ష్యమును సందర్శకులకు చూపుట వారికి అవమానముగ తోచలేదు.

మనకు అట్టి పూర్వాచారము లేదనరాదు. 1922 లో ఈ నగరముననే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడి, శాసనములను తామ్రపత్రములను సేకరించి ప్రకటించినది. రాజులిచ్చిన దానపత్రములను అంత శ్రద్ధతో చదివిన నగరమున, బడిపంతులు వ్రాసిన పట్టికను చదువుటకు ఆసక్తి పుట్టకపోదు. గ్రంథాలయములో గాని, పాతబడిన యొక మునిసిపలు పాఠశాలా భవనములో గాని రెండు గదులు దొరకిన చాలును.

దస్త్రరక్షణము గూర్చి నేను నేర్చికొనినది కొంత చెప్పుదును. తాళపత్ర గ్రంథముల తుదను వ్రాయసగాండ్రు పుస్తకముచేతనే మొఱపెట్టింతురు: నూనె తగులనీయకుడని, నీరు సోకనీయకుడని, కట్టు వదలనీయకుడని, మూర్ఖుని చేతికీయకుడని. ఈ నాలుగును నేటికిని చాలవఱకు సరిపోవును. మన బడులలో సిరాబిళ్లలు కలిపిన సిరాతో వ్రాసిన అక్షరములు చెమ్మ తగిలినంతనే కారిపోవును; గోదావరి గాలి తగులు గదులలో వానకాలము మిక్కిలి ప్రమాదము. ఇనుప అరలను గోడకు జానెడు దూరమున నిలుపవలెను. చెదలు గోడవెంబడి వచ్చును. కలరా ఉండలు, వేపాకు కొంతవఱకు పురుగును తోలును గాని చెదలను ఆపలేవు. ఏటేట నేలలో మందు పోయింపవలసినదే. గుండుసూదులు తీసివేయవలెను, తుప్పు కాగితమును తినివేయును. చిరిగినచోట జిగురు టేపు అంటింపరాదు. పదేండ్లలో అది పచ్చబడి కాగితముతోబాటు ఊడివచ్చును. ప్లాస్టికు పొరలో మూసి అతికించుట మఱింత హాని. నేడు ప్రతిపుటకును ఛాయాప్రతి తీసి కంప్యూటరులలో దాచుట సులభమైనది, తప్పక చేయవలెను. అట్లని మూలమును పాఱవేయరాదు. కోసిన అంచు, దిద్దిన అంకె, వేఱు సిరా ఛాయాప్రతిలో సరిగా తెలియవు.

కట్టలను విడదీసి కులమువారీగనో పేళ్లవారీగనో మరల కూర్చరాదు. ఏ బడినుండి ఏ క్రమమున వచ్చినవో ఆ క్రమముననే యుంచి, పైన సూచిక వ్రాయవలెను. జీవించియున్నవారి పుట్టినతేదీలు, కులములు బజారున పడకుండుటకై డెబ్బదియైదేండ్లు నిండని ప్రవేశ పట్టికలను అనుమతిలేక చూపరాదని నా అభిప్రాయము. పాఠశాల అధికారులయొద్ద లిఖితపూర్వకమగు ఒప్పుదల లేక యొక్క కాగితమును తేరాదు. మనము తేబోవునది వారి సొత్తు.

మన సంఘ పోషకులలో పలువురు తమ పెద్దల పేర గదులు కట్టించిరి, బహుమతులు పెట్టించిరి. వారి యిండ్లలో పాత ట్రంకుపెట్టెలు కలవు. అందు తాతగారి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము, పాఠశాలా కమిటీ సమావేశముల నోటుపుస్తకము, పునాదిరాతి నాటి ఛాయాచిత్రము, చందాల చిట్టా దొరకవచ్చును. ఇవి బడి బీరువాలో ఎన్నడును ఉండవు. మరమ్మతునాడో, పంపకములనాడో వీథిలోనికి పోవును. ఈ సంవత్సరపు నిధిలో కొంత భాగము ఇనుప అరలకును, అట్టపెట్టెలకును, నెలజీతముపై నొక చదువుకొనిన యువకునకును కేటాయింపుడని కార్యవర్గమునకు వినతిపత్రము సమర్పించియున్నాను. మన పేరు గోడపై నుండనక్కఱలేదు. అన్ని కులములవారి సంఘములకును ఇట్టి వినతియే పంపవలెనని అందు వ్రాసితిని. కార్యవర్గములో ఇద్దఱికి ఇది రుచింపలేదని వింటిని. మహాసభలో వారితో ముఖాముఖి మాటాడుటకు సిద్ధముగ నున్నాను.

కార్యదర్శిగారు కోరిన పట్టికలో నేటికి ముప్పదియొక్క పేళ్లు చేరినవి. దానిని ఈ సంచికకు ఈయలేదు. ఆ బడిలోని ఏడు పట్టికలను, అన్ని పంక్తులతోను, ప్రతి వ్రాయుచున్నాను. నాలుగవదాని సగమువఱకు వచ్చితిని. 413 మొదలు 432 వఱకు గల పత్రము ఎవ్వరి యింటనైనను, ఏ పెట్టె యడుగుననైనను మిగిలియుండిన, సంఘ కార్యాలయమున ఒక కవరులోనుంచి నా పేర నిచ్చిపోవలయును. ఎవరు తెచ్చిరని అడుగను.